ఒకే మాట, మూడు గడులు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో చేసిన ఉపన్యాసం

 

మనం ఈ సాయంత్రం తలుచుకుంటున్న మనిషి 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. అక్కడ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. పగలు ప్రయోగశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, మన కండరం కదలడానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చే పనిలో పడ్డారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. తర్వాత లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, హెట్రజాన్. సైన్సు చదవని శ్రోతలకు ఒక్క మాట చెప్తాను. గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర ఉంది చూశారూ, డీఈసీ అని, అది ఆ హెట్రజానే. ఊరు వదిలి వెళ్ళిన మనిషి, పాతికేళ్ళ తర్వాత, ఊరి జబ్బుకు మందు పంపారు.

ఆయన 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. అప్పటికి ఆ దేశంలో దాదాపు 25 ఏళ్ళు బతికారు. ఆ దేశపు పౌరుడు కాకుండానే పోయారు. అందులో దాదాపు 23 ఏళ్ళు కావాలన్నా పౌరుడయ్యే వీల్లేదు, చట్టం ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదు అన్న ప్రశ్నే ఇవాళ్టి నా ఉపన్యాసం.

1

మన భాషలో ఒక మాట ఉంది, జాతి. సంస్కృతంలో పుట్టుకకు సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది. దాన్ని మనం వాడే తీరు గమనించండి. మానవజాతి అంటాం, అక్కడ ప్రపంచంలోని మనుషులందరూ వస్తారు. పక్షిజాతి అంటాం, స్త్రీజాతి అంటాం. తెలుగుజాతి అంటాం, అక్కడ భాష కొలత. జాతీయ జెండా, జాతిపిత అంటాం, అక్కడ దేశం కొలత. ‘జాతి తక్కువవాడు’ అన్న తిట్టులో, ఆ మాట నా నోటితో పలకడం కూడా నాకు కష్టంగా ఉంది, కులం కొలత. పొద్దున పేపరు తీస్తే ఒక మూల ‘జాతిని ఉద్దేశించి రాష్ట్రపతి ప్రసంగం’, ఇంకో మూల ‘ఫుట్‌బాల్ మైదానంలో జాతి వివక్ష’. రెండు చోట్లా ఒకే అక్షరాలు. మొదటిదాంట్లో దేశం, రెండోదాంట్లో ఒంటి రంగు.

1946లో పుచ్చలపల్లి సుందరయ్యగారు ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాసిన కాలానికి, మన రాజకీయాల్లో ఈ మాటకు ఇంకో బరువు కూడా చేరింది. ఒక భాష మాట్లాడుతూ ఒక నేల మీద ఉన్న ప్రజలు ఒక జాతి, వాళ్ళకొక రాష్ట్రం కావాలి అన్న వాదం అది. ఆ వాదం మంచిచెడ్డల్లోకి ఇప్పుడు వెళ్ళను. ఇన్ని బరువులు మోస్తున్న మాటను పట్టుకుని ఆలోచిస్తే, ఆలోచన ఎక్కడ జారిందో మనకే తెలియదు. నా భయం అదీ.

మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో ఉంటారు. పిల్లవాణ్ణి బడిలో వేసేటప్పుడు ఇచ్చిన ఫారం ఒకటి నాకు చూపించింది. ‘నాన్నా, ఇక్కడ ఏం రాయాలి?’ అని కాదు అడిగింది, ఏం రాయాలో దానికి తెలుసు. ‘దీన్ని తెలుగులో ఏమంటారు?’ అని అడిగింది. మూడు గడులు ఉన్నాయి. నేను మూడింటికీ జాతి అనే చెప్పాను. చెప్పిన తర్వాత సిగ్గేసింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని.

ఆ రోజు నుంచి నా వాడుక కోసం మూడు పేర్లు పెట్టుకున్నాను. పండితులు క్షమించాలి, ఇవి నిఘంటువు కోసం కాదు. ఎదుటివాడు మన ఒంటిని చూసి వేసే లెక్క, రేస్, దాన్ని ‘చూపు’ అంటాను. ఇంట్లో, బంధువుల్లో, పండగలో, పాటలో, వంటలో దొరికేది, ఎత్నిసిటీ, దాన్ని ‘ఇల్లు’ అంటాను. సర్కారు ముద్ర వేసి ఇచ్చేది, నేషనాలిటీ, దాన్ని ‘కాగితం’ అంటాను. చూపు వేరొకరిది. ఇల్లు మనది. కాగితం ప్రభుత్వానిది. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పే అధికారం ముగ్గురు వేరువేరు వ్యక్తుల చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయినప్పుడల్లా మనుషులు దేశాలు పోగొట్టుకున్నారు. దానికి రెండు సాక్ష్యాలు పెడతాను. ఒకటి బోస్టన్ దారిలో, ఇంకోటి రంగూన్ దారిలో. రెండు దారులూ సుబ్బారావుగారి జీవితంలో కలుస్తాయి.

2

అమెరికా రాజ్యాంగం వచ్చిన కొత్తలో, 1790లో, పరాయి దేశం నుంచి వచ్చినవాడు పౌరుడు కావడానికి ఒక చట్టం చేశారు. స్వేచ్ఛగా ఉన్న తెల్లవాడైతేనే అర్హత. అంతర్యుద్ధం ముగిశాక 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చారు. మధ్యలో ఉన్న ఆసియావాళ్ళ సంగతి ఈ రెండు చట్టాల్లోనూ రాయలేదు. కాబట్టి జపాను నుంచో పంజాబు నుంచో వెళ్ళినవాడు పౌరసత్వం కావాలంటే కోర్టుకెళ్ళి ‘నేను తెల్లవాణ్ణి’ అని రుజువు చేసుకోవాలి. కాగితం ఇవ్వడానికి చూపును అడిగారన్నమాట.

తకావో ఒజావా అని ఒక జపానీయుడు. కుర్రతనంలోనే కాలిఫోర్నియా వచ్చాడు, అక్కడే చదువుకున్నాడు, తర్వాత హవాయిలో స్థిరపడ్డాడు. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు. తన ఒంటి చాయ చాలామంది తెల్లవాళ్ళకంటే తెలుపని కూడా వాదించాడు. 1922 నవంబరు 13న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చాయ కాదు ముఖ్యం, తెల్లవాడంటే కాకేసియన్ రేస్‌కు చెందినవాడు, జపానీయులు కాకేసియన్లు కారు, కాబట్టి కుదరదు.

మూడు నెలలు గడిచాయి. భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. ఈయన 1892లో అమృత్‌సర్ జిల్లాలో పుట్టిన సిక్కు. 1913లో అమెరికా చేరి, చదువు ఖర్చు కోసం ఆరెగాన్ కలప మిల్లుల్లో పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి, తలపాగా తీయకుండానే యూనిఫాం వేసుకున్నాడు. మంచి సర్టిఫికెట్‌తో బయటికొచ్చాడు. 1918 డిసెంబరు 9న పౌరసత్వం ఇచ్చారు, నాలుగు రోజులకు తీసేశారు. మళ్ళీ 1920లో ఆరెగాన్ కోర్టు ఇచ్చింది. ప్రభుత్వం పై కోర్టుకెక్కింది.

థింద్ వకీళ్ళు ఒజావా తీర్పునే చేతపట్టుకుని వచ్చారు. తెల్లవాడంటే కాకేసియన్ అని మీరే అన్నారు, మానవశాస్త్రం పుస్తకాలన్నీ ఉత్తర భారతీయుల్ని కాకేసియన్లలోనే లెక్కవేశాయి, కాబట్టి ఈయన తెల్లవాడే. తర్కంలో ఎక్కడా లోపం లేదు. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. రాసింది అదే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. శాస్త్రం ఏం చెప్పినా మాకు పని లేదు, వీధిలో మామూలు మనిషి ఎవర్ని తెల్లవాడు అనుకుంటాడో వాడే తెల్లవాడు, ఈయన్ని ఎవరూ అలా అనుకోరు. ఇదీ దాని సారం. ఒజావాకు శాస్త్రం అడ్డు వచ్చింది, థింద్‌కు వీధి అడ్డు వచ్చింది. ఆ సదర్లాండ్ కూడా అమెరికాలో పుట్టినవాడు కాదు. ఇంగ్లండులో పుట్టి, చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చినవాడు. ఆయన్ని మాత్రం ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనం థింద్ పక్షాన నిలబడి కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆయన తరఫున ఏం వాదించారో కూడా చూడాలి. ఈయన అగ్రకులపు ఆర్యుడు, వీళ్ళు తమ దేశంలోని ఆదిమ జనంతో పెళ్ళి సంబంధాలు కలుపుకోరు, మీరు నీగ్రోలను ఎలా దూరం పెడతారో వీళ్ళూ తమవాళ్ళలో కొందర్ని అలాగే దూరం పెడతారు. ఇలా రాసి కోర్టులో పెట్టారు. కులాన్ని కాదన్న గురువుల మతంలో పుట్టిన మనిషి తరఫున! గోడ ఎందుకుందని అడగలేదు, నన్ను గోడకు ఆ పక్కన లెక్కవేయండి అని అడిగారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. వేరే దేశానికి వెళ్ళినా మన సామాన్లలో ఏం మోసుకెళ్తామో ఇందులో కనిపిస్తుంది. ఆ రోజుల్లో అమెరికాలో భారతీయులందర్నీ, సిక్కయినా ముస్లిమైనా, ‘హిందూ’ అనేవారు. 1920, 1930, 1940 జనాభా లెక్కల్లో రేస్ గడిలో ‘హిందూ’ అని ఒక వర్గమే ఉంది. మతం పేరు ఒంటి పేరయింది.

తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన భారతీయుల మీద పడ్డారు. ఇచ్చిన కాగితాలు వెనక్కి లాక్కున్నారు. ఏ. కె. మజుందార్ 1913 నుంచి పౌరుడు, ఆయనదీ పోయింది. వైష్ణో దాస్ బగాయ్ అని ఒకాయన పెషావరు వైపు నుంచి భార్యాపిల్లలతో, కొంత ఆస్తితో 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. 1921లో పౌరుడయ్యారు. కాలిఫోర్నియాలో పౌరుడయ్యే అర్హత లేని పరాయివాడు భూమి ఉంచుకోకూడదన్న చట్టం ఉండేది. కాబట్టి కాగితం పోగానే ఇల్లూ వ్యాపారమూ కూడా చేజారాయి. స్వదేశం వెళ్ళి బంధువుల్ని చూసి వద్దామన్నా అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఎందుకో వివరిస్తూ పత్రికకు ఉత్తరం రాసి పెట్టారు. అమెరికాలో పుట్టిన తెల్ల స్త్రీలు కొందరు, భారతీయుణ్ణి పెళ్ళాడిన పాపానికి, 1922 నాటి చట్టం వల్ల తమ పౌరసత్వమే పోగొట్టుకున్నారు.

సుబ్బారావుగారి ఓడ బోస్టన్ రేవు చేరింది ఈ తీర్పు వచ్చిన ఎనిమిది నెలలకు. తలుపు అప్పటికే మూసి ఉంది. 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకంతో కొత్త చట్టం వచ్చేదాకా అది తెరుచుకోలేదు. తెరుచుకున్నప్పుడు కూడా ఏడాదికి వందమంది భారతీయులకే కొత్తగా ప్రవేశం. ఫోలిక్ ఆమ్లం ప్రపంచానికి అందింది 1945లో. దాన్ని సాధించిన బృందం పెద్ద, ఆ ఏడాది కూడా, చట్టం దృష్టిలో పౌరుడయ్యే అర్హత లేనివాడే.

3

మరి చూపులో ఏమైనా నిజముందా? ఒంటి రంగులు వేరుగా లేవా? ఉన్నాయి. ఎండ ఎక్కువున్న నేలల్లో వేల ఏళ్ళు బతికిన జనానికి చర్మంలో మెలనిన్ ఎక్కువ. ఇందులో రహస్యమేం లేదు. అయితే ఆ రంగు ఎక్కడా గీత గీసినట్టు ఆగదు. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా రైల్లో వెళ్ళండి, ఫలానా స్టేషనులో రంగు మారిందని చెప్పలేరు. 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ లెక్కవేసి చూపించాడు. మనుషుల మధ్య జన్యుభేదాల్లో దాదాపు 85 శాతం ఏ ఒక్క జనసమూహం లోపలే ఉన్నాయి. రేస్‌కూ రేస్‌కూ మధ్య మిగిలేది చాలా కొంచెం. కాకేసియన్ అన్న పేరైనా చూడండి. 18వ శతాబ్దపు జర్మన్ పండితుడు బ్లూమెన్‌బాఖ్ తన దగ్గరున్న పుర్రెల్లో జార్జియా నుంచి వచ్చిన ఒక పుర్రె అన్నిటికంటే అందంగా ఉందని మెచ్చుకుని, అక్కడి కాకసస్ కొండల పేరు పెట్టాడు. ఆ పేరు మీద 1922లో ఒజావా బతుకు తేలింది.

భాషను ఒంటితో కలిపిన పొరపాటు ఇంకోటి, ఇది మనకు బాగా దగ్గరిది. 1816లో మద్రాసులో ఏ. డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చువేస్తే, దానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ముందుమాట రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం, సంస్కృతం నుంచి పుట్టినవి కావు అని ధాతువులతో సహా చూపించాడు. ఎంత గొప్ప పరిశోధన అది! 1856లో కాల్డ్‌వెల్ దాన్ని విస్తరించి ద్రావిడ భాషలన్నాడు. ఇద్దరూ మాట్లాడింది ప్రధానంగా భాషల గురించి. తర్వాతివాళ్ళు ద్రావిడ ‘రేస్’ అన్నారు, ఆర్య ‘రేస్’ అన్నారు. హెర్బర్ట్ రిస్లీ 1901 జనాభా లెక్కల కమిషనరు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, ఆ అంకె ప్రకారం కులాలకు మెట్లు కట్టవచ్చని నమ్మాడు. భాషా పండితుడు మాక్స్ ముల్లర్ ముసలితనంలో మొత్తుకున్నాడు, నేను ఆర్య అన్నది భాషను, రక్తాన్నీ పుర్రెనూ కాదు అని. ఎవరూ వినలేదు.

ఇద్దరు తోబుట్టువుల్లో ఒకర్ని పుట్టగానే చెన్నైలో తమిళ ఇంట్లో పెంచితే ఆ బిడ్డ తమిళం మాట్లాడుతుంది. ముక్కు మారదు. ఇంత సులువైన సంగతి.

అంబేద్కర్ ఇదే సంగతిని కులం విషయంలో 1936లోనే తేల్చారు. పంజాబు బ్రాహ్మడికి మద్రాసు బ్రాహ్మడితో కంటే, పంజాబు అంటరానివాడితోనే ఒంటి పోలిక ఎక్కువ. కులం రేస్ కాదు, ఒకే రేస్ జనాన్ని సమాజం ముక్కలు చేసిన పద్ధతి. ఆ వివక్ష బరువు తక్కువని ఆయన ఎక్కడా అనలేదు. పేరు వేరు, పుండు ఒకటే. అందుకే 1965 నాటి అంతర్జాతీయ ఒప్పందం రేస్, రంగు, జాతిమూలాలతో పాటు ‘వంశ పరంపర’ అనే మాటను కూడా పెట్టుకుంది.

4

ఇక ఇల్లు. ఇందులో నాకు ఆసక్తి ఎక్కువ, అధ్యక్షులవారు గడియారం చూసుకోవాలి.

ఇంగ్లండులో మళ్ళీ ఒక సిక్కు కుర్రాడే. బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రైవేటు బడి, తలపాగా తీస్తేనే చేర్చుకుంటానంది. ఆ దేశంలో 1976 నాటి చట్టం రేస్, రంగు, జాతీయత, ఎత్నిక్ మూలాల మీద వివక్షను నిషేధించింది, మతాన్ని ప్రస్తావించలేదు. సిక్కులంటే మతమే కదా, వాళ్ళకు ఈ చట్టం వర్తించదని కింది కోర్టులు అన్నాయి. 1983లో, అప్పటికి ఆ దేశపు అన్నిటికంటే పై కోర్టైన ప్రభువుల సభ ఆ తీర్పును తిరగరాసింది. ఎత్నిక్ సమూహం అంటే ఏమిటో ఆ తీర్పులో చెప్పిన లక్షణాలు నాకు ఇప్పటికీ అన్నిటికంటే బాగున్నాయనిపిస్తుంది. తమదీ అనుకుని స్పృహతో గుర్తుపెట్టుకునే సుదీర్ఘమైన చరిత్ర, తమదైన ఆచార సంప్రదాయం, ఈ రెండూ ఉండి తీరాలి. ఒకే నేల, ఒకే భాష, సాహిత్యం, మతం లాంటివి ఉంటే ఉండొచ్చు. ముక్కు వెడల్పు ఎక్కడా లేదు. అరవై ఏళ్ళ తేడాతో రెండు కోర్టుల ముందు ఇద్దరు సిక్కులు నిలబడ్డారు. ఒకరి ఒంటిని చూశారు, ఒకరి జ్ఞాపకాన్ని చూశారు.

భాష ‘ఉంటే ఉండొచ్చు’ అన్నది మనవాళ్ళకు మింగుడుపడదు. భాష పోతే జాతి పోయిందనుకుంటాం. మారిషస్ చూడండి. చెరకు తోటల పనికి కోరంగి రేవు వైపు నుంచి, విశాఖ వైపు నుంచి ఓడలెక్కినవాళ్ళ మునిమనవలు ఇవాళ ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు. ఆఫీసులో ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు వాళ్ళకు బడిలో నేర్చుకునే భాష. అయినా ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. వాళ్ళు తెలుగువాళ్ళమనే చెప్పుకుంటారు. భాష వదిలేసినా ఇల్లు వదల్లేదు.

మలేషియాలో కథ తలకిందులు. పేరాక్‌లో బాగన్ దాతో కొబ్బరి తోటల్లోకి, రబ్బరు తోటల్లోకి వెళ్ళిన మనవాళ్ళ ఇంట్లో తెలుగు ఉంది. ప్రభుత్వ ఫారంలో మాత్రం మలయ్, చైనీస్, ఇండియన్, ఇతరులు. ఇండియన్ అనగానే అందరికీ తమిళమే తట్టేది. ఎస్టేటు బడుల్లో పిల్లలు ఎక్కువమంది తమిళమే నేర్చుకున్నారు. ఇల్లు చెప్పే జవాబుకు గడే లేదు. అక్కడివాళ్ళు ఈ గడిని పిలిచే మాట ‘బంగ్స’. రేస్‌కూ అదే మాట, దేశప్రజలకూ అదే మాట, అచ్చం మన ‘జాతి’ లాగానే. అది ఎక్కణ్ణుంచి వెళ్ళిందో తెలుసా? సంస్కృతంలో ‘వంశ’. మన దగ్గర్నుంచి ఓడెక్కిన మాట అక్కడా అదే చిక్కు పెట్టింది.

5

రంగూన్‌ను మన ఉత్తరాంధ్రవాళ్ళు రంగం అనేవారు. ‘రంగం పోయి సంపాదించుకొచ్చాడు’ అన్న మాట మా ఊళ్ళో నా చిన్నతనంలో ఇంకా వినబడేది. 1931 నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు సమ్మె చేస్తే యజమానులు బర్మీయుల్ని పనిలోకి దించారు. సమ్మె తీరాక వాళ్ళని తీసేశారు. రెండు పేద జనాలకు మధ్య నిప్పు అంటుకుంది. వందలమంది, ఎక్కువగా మన కోరంగీలు, చచ్చిపోయారు.

ఆ రంగూన్‌లోనే కష్టపడి లక్షలు గడించిన కోరంగి మనిషి మల్లాడి సత్యలింగం నాయకర్. ఆయన పేరు మీద కాకినాడలో వెలసిన ధర్మనిధి సుబ్బారావుగారి అమెరికా చదువుకు డబ్బు సాయం చేసింది. మామగారూ సాయం చేశారు. అంటే బోస్టన్ దారి రంగూన్ మీదుగానే వెళ్ళింది.

ఇప్పుడు ఆ రంగూన్ ప్రభుత్వం 1982లో చేసిన పౌరసత్వ చట్టం చూడండి. కచిన్, కయా, కరెన్, చిన్, బర్మన్, మోన్, రఖైన్, షాన్, ఇంకా 1823కు ముందు నుంచి ఆ నేల మీద స్థిరపడ్డ సమూహాలు, వీళ్ళు పుట్టుకతో పౌరులు. 1823 ఎందుకు? 1824లో ఇంగ్లీషువాళ్ళు బర్మా మీద మొదటి యుద్ధం మొదలుపెట్టారు. ఇంగ్లీషువాడి వెనక వచ్చినవాడెవడూ మనవాడు కాదని ఆ ఏడాది అర్థం. మిగిలినవాళ్ళకు రెండో తరగతి, మూడో తరగతి. కార్డుల రంగులు కూడా వేరు, గులాబి, నీలం, ఆకుపచ్చ. అమెరికావాడు చూపును అడిగి కాగితం ఇచ్చాడు. బర్మావాడు ఇల్లు ఎవరిదని అడిగి కాగితం ఇచ్చాడు. ఈ చట్టం కింద అందరికంటే ఘోరంగా నలిగినవాళ్ళు రోహింగ్యాలు. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు. వాళ్ళలో చాలామందికి ఈ మూడు రంగుల కార్డుల్లో ఏదీ లేదు.

మనవాళ్ళు ముందే కదిలారు. 1942లో జపాను బాంబులు పడ్డప్పుడు అడవుల్లో నడిచి వచ్చినవాళ్ళు, 1960ల్లో నె విన్ ప్రభుత్వం దుకాణాలు లాక్కుంటే ఓడల్లో వచ్చినవాళ్ళు. విశాఖపట్నం కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు అలా వచ్చింది. మా నాయనమ్మ వైపు చుట్టాలొకరు అలా వచ్చారు. వాళ్ళ పిల్లలు బర్మా భాషలో గుసగుసలాడుకుంటుంటే ఊళ్ళోవాళ్ళు ‘బర్మావాళ్ళు’ అనేవారు. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావాళ్ళు. ఆ ముసలమ్మ మా ఇంట్లో చింతపండు లేకుండా ఏదో పులుసు పెట్టి, ‘ఇది రంగంలో మా వీధి వంట’ అనేది. ఏ గడిలో రాయాలి ఆమెను?

సోవియట్ రష్యావాళ్ళు లోపలి పాస్‌పోర్టులో ఒక వరసలో ‘జాతీయత’ అని రాసేవాళ్ళు. దేశం అందరికీ సోవియట్టే, ఆ వరసలో మాత్రం రష్యన్, ఉక్రేనియన్, యూదు. యూదు అని ఉంటే కొన్ని ఉద్యోగాల తలుపులు మూసుకునేవి. అది కూడా ఇల్లును కాగితం మీద రాసిన పద్ధతే. ఎక్కువ చెప్పను.

6

అమెరికాలో ఇప్పుడున్న తెలుగు కుటుంబాల పిల్లలు ఈ సభలోనూ ఉన్నారని విన్నాను, సెలవులకు వచ్చినవాళ్ళు. మీకో సంగతి. మీ గడి ఎన్నిసార్లు మారిందో తెలుసా? 1940 లెక్కల్లో భారతీయుడు ‘హిందూ’ రేస్. 1970 లెక్కల్లో తెల్లవాళ్ళలో కలిపేశారు. 1980లో ‘ఆసియన్ ఇండియన్’ అని వేరే గడి. ఒక మనిషి 1940 నుంచి 1980 దాకా అదే ఇంట్లో, అదే ఒంటితో బతికితే కనీసం మూడు రేస్‌లు మారాడన్నమాట. ఒంట్లో ఉన్నదైతే అది ఎలా మారుతుంది? మెక్సికన్లను 1930లో రేస్ అన్నారు, తర్వాత తీసేశారు. ఇప్పుడు హిస్పానిక్ అన్నది ఎత్నిసిటీ ప్రశ్న. 2024లో రెండు ప్రశ్నలూ కలిపి ఒక్కటి చేయాలని కొత్త నియమం రాశారు. అడిగేవాడి అవసరాన్ని బట్టి చూపు మారుతూనే ఉంది.

అలాగని రేస్ అన్నది వట్టి భ్రమ, పట్టించుకోకండి అని నేను చెప్పను. రాత్రివేళ కారు ఆపిన పోలీసు ఎదుట నల్ల కుర్రాడికి అది భ్రమ కాదు. బగాయ్‌కి కాలేదు. శరీరశాస్త్రంలో గీత లేకపోయినా వీధిలో ఉంది, చట్టంలో ఉండింది, అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఉంది. వివక్ష ఎంత జరుగుతోందో లెక్కగట్టాలన్నా ఆ గడి కావాలి. గడి ఉండడం మీద నాకు తగాదా లేదు. దాన్ని చూసి పౌరసత్వం తేల్చడం మీద ఉంది, దాన్ని చూసి నువ్వు ఎవరి బిడ్డవో తేల్చడం మీద ఉంది.

ఇక్కడున్న పత్రికా మిత్రులకు, పాఠ్యపుస్తకాలు రాసేవారికి నాదొక విన్నపం. రంగు గురించి రాసేటప్పుడు జాతి అనకండి, రేస్ అనండి, వర్ణవివక్ష అనండి. భాష, ఆచారం, జ్ఞాపకం గురించైతే జనసమూహం అనండి, తెలుగువాళ్ళు, గోండులు, సిక్కులు అని పేరు పెట్టి చెప్పండి. దేశం గురించైతే పౌరసత్వం అనండి. వాక్యం ఒక మాట పొడుగవుతుంది, అంతే.

చివరగా మళ్ళీ ఆయన దగ్గరికి వస్తాను. 1948 ఆగస్టు నాటికి అమెరికా తలుపు తెరిచి రెండేళ్ళయింది. ఆయన ఆ కాగితం పూర్తిచేసుకోలేదు. ఇటు భారతదేశం స్వతంత్రమై ఏడాది కావస్తోంది, కానీ మన రాజ్యాంగంలోని పౌరసత్వం అధికరణాలు అమల్లోకి వచ్చింది 1949 నవంబరు 26న. కాబట్టి ఆయన పోయిన రోజున, చట్టం పుస్తకం ప్రకారం, ఆయన అమెరికా పౌరుడూ కాదు, భారత పౌరుడూ కాదు. ఏ ప్రభుత్వాన్ని ధిక్కరించి మద్రాసులో చదువుకునే రోజుల్లో ఖద్దరు కట్టారో, ఆ బ్రిటిష్ రాజు ప్రజగానే పోయారు. చూపు గడిలో ఆ దేశం ఆయనకు ‘హిందూ’ అని రాసింది. కాగితం గడిలో ఆ పరాయి రాజు పేరు. మూడో గడి ఆ రోజుల్లో అక్కడి ఫారాల్లో లేదు. ఉంటే అందులో ఏం రాసేవారో భీమవరం మనుషులకు తెలుసు.